నా తెల్లకణాలు, మా అత్త పొట్టేలు

మా ఊళ్లో ఇప్పటికీ కొందరు నా ఒంట్లోకి పొట్టేలి రక్తం ఎక్కించారనే అనుకుంటున్నారు. ఎక్కించలేదు. నా రక్తం కొంత తీసి, పొట్టేలి రక్తంతో గాజు గొట్టంలో కలిపి చూశారు. చూశాక పారబోశారు. నా ఒంట్లో ఇప్పుడున్నది పూర్తిగా నా రక్తమే. అయినా మిరప చేలో ఎవరితోనైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, "జరగండే, పొట్టేలి రక్తం, పొడుస్తది" అని తోటి కూలీలు నవ్వుతారు. నవ్వనీ. ఆ నవ్వు వినడానికి నేను మిగిలి ఉన్నాను.

జరిగింది జరిగినట్టు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ పుకారు సంగతి తేల్చాలి, అది ఒకటి. ఇంకొకటి, ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజుల్లో నాలాంటి మనిషి రాసిన పుస్తకం ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికాను. జబ్బుల గురించి డాక్టర్లు రాసినవి దొరికాయి. జబ్బు పడినవాళ్లు రాసినవి దొరకలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

నా పేరు సుగుణ. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రైలు దారి పక్కన మా ఊరు. మా పేటంతా క్రైస్తవులం, కూలి చేసుకునేవాళ్లం. నేను బళ్లో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదివాను. సాయంత్రం చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అక్కడి బెంచీ మీద మగవాళ్ల మధ్య కూర్చుని చదివే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో వాళ్లు పేపరు నా దాకా రానిచ్చేవాళ్లు కాదు. నేను లేచి పుస్తకాల బీరువా దగ్గరికి వెళ్లాను. అందులోవి ఎవరూ అడగరు కాబట్టి అన్నీ నావే అయ్యాయి. నక్షత్రాలు, ఎరువులు, ప్రయాణాలు, ఆరోగ్యం, ఏది చేతికొస్తే అది చదివాను. మనిషి రక్తంలో ఎర్రకణాలూ తెల్లకణాలూ ఉంటాయనీ, తెల్లవి ఒంటికి కాపలా కాసే సైనికులనీ పెళ్లికి ముందే నాకు తెలుసు. ఆ తెలిసినదాంతో ఒకసారి బోల్తా పడ్డాను కూడా. అదీ రాస్తాను.

1985, మిరప నారు నాటే రోజులు

జ్వరంతో మొదలైంది. జ్వరాలు మాకు కొత్త కాదు. నడుం వంచి తడి నేలలో నారు నాటేవాళ్లకు ఆ కాలంలో ఒళ్లు కాగడం మామూలే. కానీ ఈ జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. గొంతు మంట, మింగుడు పడదు. మెడకి రెండు పక్కలా రేగుపళ్లంత గడ్డలు లేచాయి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది నీరసం. బోరింగు నుంచి బిందె ఎత్తుకుని ఇంటికి రావడానికి దారిలో దించి కూర్చోవాల్సి వచ్చేది. నేను ఎరువుల బస్తా మోసిన మనిషిని.

ఊళ్లో సూదిమందు వేసే ఆయన వరసగా సూదులు వేశాడు, ఎర్ర టానిక్కు ఇచ్చాడు. గడ్డలు మాత్రం కదల్లేదు.

మా ఇంట్లో నేనూ, నా భర్త ఏసుదాసూ, మా అత్త మార్తమ్మా ఉంటాం. ఏసుదాసు పత్తి జిన్నింగు మిల్లులో పని చేస్తాడు. భయమేస్తే మాట్లాడడు, అది ఆయన పద్ధతి. ఆ నెలల్లో ఇంట్లో ఆయన గొంతు దాదాపు వినలేదు. అత్త మాత్రం భయం వేసినకొద్దీ ఎక్కువ మాట్లాడుతుంది. ఒకరోజు నాకు వేరే సత్తు కంచం పెట్టింది.

"ఇదేంటత్తా?"

"ఏమోనమ్మా. మెడ గడ్డలంటే ఏం జబ్బో ఎవరికి తెలుసు? నాలుగు రోజులు అట్టా తిను, ఏం పోద్ది?"

నేను తిన్నాక ఆ కంచం కడిగి తెచ్చి మిగతా కంచాల్లో బోర్లించాను. ఆమె తీసి గుమ్మం పక్కన పెట్టింది. మర్నాడు నేను మళ్లీ కలిపాను. ఆ మొదటి రోజు తర్వాత మేమిద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. కంచం మాత్రం రోజూ అటూ ఇటూ తిరిగేది.

అలాగని ఆమెకి నా మీద ప్రేమ లేదని కాదు. ఆ ఆదివారమే గుళ్లో నిలబడి మొక్కుకుంది. మా కోడలికి తగ్గితే కోత పండుగకి నా పొట్టేలుని ఇస్తానంది. కోత పండుగంటే, పంట చేతికొచ్చాక మా సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకటి గుడికి తెచ్చి అర్పించే రోజు. ధాన్యం, మిరపకాయలు, గుమ్మడికాయ, కోడి, ఉన్నవాళ్లయితే గొర్రె. వాటిని అక్కడే వేలం వేస్తారు, తర్వాత అందరికీ విందు. మా అత్త పొట్టేలు జోడిపి జాతిది. తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ నల్ల మచ్చలు, పొడుగు కాళ్లు. తుమ్మకాయలూ జొన్నచొప్పా పెట్టి పిల్లప్పటి నుంచీ పెంచింది. గుర్తు కోసం చెవి కూడా కొయ్యనివ్వలేదు. దేవుడికిచ్చేదానికి ఒంటి మీద గాటుండకూడదు అనేది.

అక్టోబరు, గుంటూరు

గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. పేరు రాయను. అక్కడ నాకు మంచీ చెడూ రెండూ జరిగాయి, మంచే ఎక్కువ జరిగింది.

వరండాలో పొడుగాటి చెక్క బెంచీ ఉండేది. దాని మీద కూర్చున్నవాళ్లు ఒకరి జబ్బు ఒకరు అడగడంతో మాట మొదలుపెడతారు. "మీకేంటమ్మా?" "మెడ." "మాకు ప్లీహం." అక్కడ అంతకంటే వేరే పరిచయం అక్కర్లేదు. ఒకావిడ తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి నాకిచ్చింది. మళ్లీ ఆ మూతతోనే తనూ తాగింది. ఆమె పేరు అడగలేదు. ఆ టీ మాత్రం గుర్తుంది.

నా రక్తం తీసి సన్నటి గొట్టంతో ఒక గాజు పలక మీద చుక్క వేశారు. ఆ పలక మీద గళ్లుంటాయట. అరుగు మీద అష్టాచెమ్మా ఆటకి గీసుకునే గళ్లలాంటివే, కాకపోతే కంటికి కనపడనంత సన్నవి. మైక్రోస్కోపులో చూస్తూ గడి గడికీ ఎన్ని తెల్లకణాలున్నాయో లెక్కపెడతారు. ఇంకో గాజు మీద రక్తం పల్చగా పులిమి, నీలం రంగు వేసి, వాటిలో ఏ రకం ఎన్నో చూస్తారు. అలా చూసిన డాక్టరమ్మ పేరు వసంత. అక్కడే పెద్ద చదువు చదువుతూ ల్యాబులో పని చేసేది. నాకంటే వయసులో చిన్న.

"తెల్లకణాలు చాలా ఎక్కువున్నాయి" అంది.

నాకు సంతోషమేసింది. "అయితే మంచిదే కదండీ? సైనికులు ఎక్కువున్నారుగా" అన్నాను. పుస్తకంలో చదివానని కూడా చెప్పాను, కాస్త గొప్పగానే.

ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఊరి నిండా కాపలావాళ్లు తిరుగుతున్నారనుకోండి. దొంగ వచ్చాడని బయటికొచ్చారా, లేక వాళ్లే పనీ పాటా లేకుండా పుట్టుకొస్తున్నారా, అది తెలియాలి కదా. రెండోదైతే మంచిది కాదు."

నా పుస్తకంలో ఆ రెండోది లేదు. అది పాత పుస్తకమని ఆ రోజు తెలిసింది. అవమానమేసింది. కానీ ఆ పూటే ఏసుదాసుని బస్టాండులో కూర్చోబెట్టి, దారి అడుగుతూ గుంటూరులోనే ఉన్న పెద్ద లైబ్రరీకి వెళ్లాను. తెలుగులో దొరికినవి చూశాను. ఇంగ్లీషులో ఒకటుంటే బొమ్మలు చూసి, కూడబలుక్కుని చదివాను. నాకు అర్థమైనంతవరకు, పనీ పాటా లేకుండా తెల్లకణాలు పుట్టుకురావడాన్ని రక్త క్యాన్సరు అంటారు.

మెడలో గడ్డ ఒకటి కోసి పరీక్షకి పంపారు. ఖచ్చితంగా చెప్పలేమని వచ్చింది. ఆ మాట విన్నాక బెంచీ మీద కూర్చున్న ఆ రోజులు నా జీవితంలో అన్నిటికంటే పొడుగు. చచ్చిపోతామని చెబితే ఏడ్చి ఊరుకోవచ్చు. బతుకుతామని చెబితే ఇంటికి పోవచ్చు. ఏదీ చెప్పకపోతే మనిషి ఏం చెయ్యాలి? నాకు కోపం వచ్చింది. ఆ కోపమే నన్ను నిలబెట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

నన్ను చేర్చుకున్న వార్డుకి పెద్ద డాక్టరు గారు వచ్చారు. చెడ్డాయన కాదు. చాలా మందిని చూసి అలిసిపోయిన మనిషి. నా మెడ తడిమి, కాగితాలు చూసి, చుట్టూ ఉన్నవాళ్లతో ఇంగ్లీషులో చెప్పి, నాతో తెలుగులో అన్నారు. "ఆలస్యం చెయ్యకూడదమ్మా. క్యాన్సరు మందు మొదలుపెడదాం. జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, నీరసం ఇంకా పెరుగుతుంది. ఓర్చుకోవాలి."

"క్యాన్సరని తేలిందా అండీ?"

"తొంభై పాళ్లు అదే అనుకుంటున్నాం."

"మిగతా పది పాళ్లు తేల్చండి. కాదని తర్వాత తెలిస్తే, ఎక్కించిన మందు మళ్లీ వెనక్కి తీయగలరా?"

 ఏసుదాసు నా చెయ్యి పట్టుకుని నొక్కాడు, ఊరుకోమని. నేను ఊరుకోలేదు. ఆయన కాగితాలు మళ్లీ తిరగేసి, వెనక నిలబడ్డ డాక్టరమ్మ వైపు తిరిగి, "వసంతా, నీ పూల పరీక్ష ఒకటుందిగా. చెయ్యి. వచ్చే వారం నేను మళ్లీ వస్తాను. అప్పటికి తేలకపోతే మందు మొదలుపెట్టాల్సిందే" అన్నారు.

పూల పరీక్ష

ఆ పరీక్ష ఏంటో వసంత గారు నాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది.

నాలో పెరిగినవి చిన్న గుండ్రటి తెల్లకణాలు. వాటిలో రెండు జాతులున్నాయి. మైక్రోస్కోపులో చూస్తే రెండూ కవలపిల్లల్లా ఒకేలా ఉంటాయి, ఏది ఏదో చెప్పలేం. కానీ ఒక జాతికి ఒక వింత గుణముంది. గొర్రె రక్తంలోని ఎర్రకణాలు తగిలితే వాటిని పట్టుకుంటుంది. చుట్టూ ఎర్రకణాలు అంటుకుని, మధ్యలో తెల్లకణం ఉండి, చూడ్డానికి పువ్వులా ఉంటుంది. రెండో జాతి పట్టుకోదు. ఒళ్లు ఏదో జబ్బుతో పోట్లాడుతున్నప్పుడు పువ్వు కట్టే జాతి ఎక్కువుంటుంది. మా పెద్ద డాక్టరు గారు అనుమానించిన రకం క్యాన్సరైతే ఎక్కువగా పువ్వు కట్టని జాతే పెరుగుతుంది.

"అంటే పూలుంటే బతుకుతాను, లేకపోతే లేదు."

"అంత తేలిగ్గా చెప్పకూడదు" అంది. మళ్లీ తనే, "దాదాపు అంతే" అంది.

మొదటిసారి చేశారు. పూలు రాలేదు.

 కానీ ఆమె వెంటనే అంది. "మీకొక్కరికే కాదు, నాకూ రాలేదు. ప్రతిసారీ జబ్బు లేనివాళ్ల రక్తం కూడా పక్కన పెట్టి చేస్తాం. ఈసారి నాది పెట్టాను. నాకూ రాలేదంటే తప్పు మన రక్తాల్లో లేదు, గొర్రె రక్తంలో ఉంది." ల్యాబుకి ఉన్న గొర్రె వానాకాలంలో చచ్చిపోయిందట. కొత్తది కొనడానికి కాగితం పైకి వెళ్లింది, కిందికి రాలేదు. మాంసం కొట్టు దగ్గర పట్టి తెచ్చిన రక్తం పాడైంది. బతికున్న గొర్రె మెడ నరంలోంచి శుభ్రంగా తీసిన తాజా రక్తం కావాలి.

"గొర్రె నేను తెస్తాను" అన్నాను.

"మీరా?"

"మా ఊళ్లో డాక్టర్లు లేరు కానీ గొర్రెలున్నాయండీ."

నవంబరు, పొట్టేలు ప్రయాణం

తేలిగ్గా అనేశాను. ఊళ్లో గొర్రెలున్నవాళ్లు ఎవరూ ఇవ్వలేదు. సూది గుచ్చి రక్తం తీశాక గొర్రె బతుకుతుందని ఒక్కరూ నమ్మలేదు. ఇంట్లో మిగిలింది మొక్కు పొట్టేలు.

అత్తని అడిగాను. పరీక్ష గురించి మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారే అడిగింది. "గొర్రెపిల్ల రక్తంతో నీకు తగ్గుద్దా?"

"తగ్గేదీ లేనిదీ తేలుద్ది అత్తా."

"అయితే తీసుకుపోదాం" అంది, కళ్లు తుడుచుకుంటూ. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అనుకున్నాను.

సంఘ పెద్ద జకరయ్య మాత్రం ఒప్పుకోలేదు. సాయంత్రం మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"మార్తమ్మా, దేవుడికని చెప్పినదాని మెడకి సూది గుచ్చిస్తావా? కోత పండుగ నాటికి దాని మీద గాటుంటే నేను గుళ్లోకి రానివ్వను."

"గాటుండదు బాబాయ్. సూది పోటు మానిపోద్ది" అన్నాను నేను.

"నువ్వు లైబ్రరీ మనిషివి, నీతో నేను మాట్లాడను."

"మాట్లాడొద్దులే. నేను చచ్చాక సమాధి దగ్గర మాట్లాడుదువుగాని."

అత్త నా నోరు మూసింది. ఏసుదాసు, ఆ నెలంతా మాట్లాడని మనిషి, అరుగు దిగి పొట్టేలు తాడు విప్పి చేతికి చుట్టుకున్నాడు. అది చూసి జకరయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు మీటరు గేజి ప్యాసింజరు ఎక్కాం. పెట్టెలో అందరూ కాళ్లు పైకి పెట్టుకున్నారు. గార్డు ఒక స్టేషన్లో మా పెట్టె దగ్గరికొచ్చాడు.

"ఎక్కడికమ్మా దీన్ని?"

"గుంటూరు. పరీక్ష ఉందండీ."

"పొట్టేలుకా? పదో తరగతా?"

పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ జబ్బు మొదలయ్యాక బహుశా అదే మొదటిసారి. గార్డు కూడా చూసీ చూడనట్టు వెళ్లాడు. గుంటూరు స్టేషన్లో గొడవెందుకని ఒక స్టేషను ముందే నల్లపాడులో దిగి నడిచాం. నేను రెండు ఫర్లాంగులకోసారి కూర్చునేదాన్ని. నేను కూర్చున్నచోటల్లా పొట్టేలు గడ్డి వెతుక్కునేది.

ల్యాబు వెనక వరండాలో వసంత గారు పొట్టేలుని చూసి చాలా సంతోషించింది. మెడ తడిమి, "మంచి నరం" అంది. బ్లేడుతో మెడ మీద వెంట్రుకలు గొరగబోతుంటే అత్త ముందుకొచ్చింది.

"ఎంత ఎక్కిస్తారమ్మా మా కోడలికి?"

"ఎక్కించడమేంటండీ? ఎక్కిస్తే ప్రాణం పోతుంది. గొట్టంలో కలిపి చూస్తాం, అంతే."

అప్పుడర్థమైంది అత్త ఎందుకంత సులువుగా ఒప్పుకుందో. పుట్టినప్పటి నుంచీ గొర్రెపిల్ల రక్తంలోనే, అంటే ఏసు రక్తంలోనే, రక్షణ ఉందని పాటల్లోనూ ప్రసంగాల్లోనూ విన్న మనిషి. నేను ఇంట్లో గాజు గొట్టం అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి వినపడింది ఆ ఒక్క మాటే. ఊరంతటికీ కూడా అదే చెప్పి వచ్చింది. ఇప్పటి పుకారుకి పుట్టిల్లు అదే.

"ఒంట్లోకి ఎక్కించనిదానికి నా మొక్కు పొట్టేలుకి సూదెందుకు? పదరా ఏసుదాసూ, తాడు పట్టు, ఇంటికి పోదాం."

"అమ్మా" అన్నాడు ఏసుదాసు.

"అమ్మా లేదు, బొమ్మా లేదు. గొట్టంలో పోసి ఆడుకోవడానికా దీన్ని పెంచింది?"

నాకు ఓపిక లేదు. వరండాలో నేల మీద కూర్చున్నాను. బతిమాలాలనిపించలేదు.

"అత్తా, ఒక పందెం. జబ్బు లేనివాళ్ల రక్తం ఒకటి నా రక్తం పక్కన పెట్టాలి. డాక్టరమ్మకి ఈ వారం జలుబు, ఆమెది పనికిరాదు. నీది పెట్టించు. నీ రక్తం పూలు కట్టి నాది కట్టకపోతే, రేపటి నుంచి నా కంచం నేనే తీసి గుమ్మం పక్కన పెట్టుకుంటాను. నువ్వు చెప్పక్కర్లేదు. నాదీ కట్టిందా, నువ్వింక ఆ కంచం జోలికి రాకూడదు."

క్యాన్సరు అంటుకునే జబ్బు కాదనీ, పూలకీ కంచానికీ సంబంధం లేదనీ నాకు తెలుసు. అది ఆమెకి విడమరిచి చెప్పే సత్తువ లేదు. ఆ క్షణాన నాకు తోచిన మాట అదే.

ఆ మొదటి రోజు తర్వాత కంచం సంగతి మా మధ్య పైకి రావడం అదే. పరాయివాళ్ల ముందు అనేసరికి అత్త ముఖం ఎర్రబడింది. పొట్టేలుని చూసింది, నన్ను చూసింది.

"నా రక్తం ముసలి రక్తం. పూలేం కడుద్ది?" అంది.

"గట్టి రక్తం. నన్నిన్నాళ్లూ వేయించుకు తిన్నావుగా."

వసంత గారు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. అత్త జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, బెంచీ మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది. సూది గుచ్చినప్పుడు పెదాలు కదిలాయి, ప్రార్థన చేసుకుందో నన్ను తిట్టుకుందో తెలీదు. ఆమె తర్వాత నేను. నా తర్వాత పొట్టేలు. మా ముగ్గురిలో దానికే భయం తక్కువ.

గొట్టాల్లో మా రక్తాలు ఏదో ద్రవం మీద పోసి గిరగిరా తిప్పారు. మధ్యలో తెల్లటి సన్నటి పొరలా తేలినవే మా తెల్లకణాలు. వాటిని తీసి, కడిగిన పొట్టేలి ఎర్రకణాలతో కలిపి చల్లటి పెట్టెలో పెట్టారు. తెల్లారే దాకా కదపకూడదట. పువ్వు రేకులు చాలా లేతవి, గట్టిగా ఊపితే రాలిపోతాయట.

మర్నాడు పొద్దున ఆమె గొట్టాన్ని పసిపిల్లని తిప్పినట్టు నెమ్మదిగా తిప్పి, గాజు మీద చుక్క వేసింది. ముందు అత్తది. చూసి, "వచ్చాయి" అంది. పొట్టేలి రక్తం మంచిదన్నమాట. ఇక మిగిలింది నాది.

"నన్ను చూడనివ్వండి" అన్నాను. మామూలుగా చూడనివ్వరు. ఆమె లేచి స్టూలు ఖాళీ చేసింది.

మొదట కనపడింది ఒంటరి గుండ్రటి కణం. చుట్టూ ఏమీ లేదు. పక్కన ఇంకోటి. అదీ ఒంటరే.  "గాజు జరపనివ్వండి" అని ఆమె మర తిప్పింది. అప్పుడొచ్చింది. మధ్యలో నా కణం, చుట్టూ మా పొట్టేలి కణాలు, ముద్దబంతిలా. ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. తర్వాత చూపు పెట్టినచోటల్లా పూలే.

నేను తల ఎత్తలేదు. ఎత్తితే కళ్లలో నీళ్లు అందరికీ కనపడతాయని.

వసంత గారు కూర్చుని చాలాసేపు లెక్కపెట్టింది. నా కణాల్లో సగానికి ఎంతో పైగా పూలు కట్టాయి. అత్త కూడా చూస్తానంది. రెండు గాజులూ చూసింది. ఒకటి చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటిది చూసింది.

"ఏది నాదో ఏది నీదో తెలీటంలా. రెండూ ఒకటేగా" అంది.

పెద్ద డాక్టరు గారు వచ్చి తనే స్వయంగా చూశారు. "మందు వద్దు. ఏదో వైరసు అయ్యుంటుంది, ఒళ్లే పోట్లాడుతోంది. నెలనెలా వచ్చి రక్తం చూపించుకో" అన్నారు. వెళ్లబోతూ ఆగి, "అడిగి మంచి పని చేశావమ్మా" అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి అవసరం లేదు. అందుకే రాస్తున్నాను.

డిసెంబరు నుంచి కోత పండుగ దాకా

తగ్గడం ఒక్కరోజులో జరగలేదు. గడ్డలు మెల్లగా కరిగాయి. జ్వరం పోయినా నీరసం పోలేదు. పత్తి తీతకి వెళ్లి సాలు మధ్యలో కూలబడ్డ రోజులున్నాయి. మళ్లీ వచ్చిందేమోనని ప్రతి ఉదయం మెడ తడుముకునేదాన్ని. ఇలాంటి జబ్బు చేసి తేరుకుంటున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క సంగతి చెబుతాను. ఆ తడుముకోవడం కూడా ఒకరోజు మర్చిపోతారు.

పొట్టేలు ఇంటికొచ్చింది. వసంత గారు దాన్ని అక్కడే ఉంచమని అడిగింది. అన్ని గొర్రెల రక్తం ఇంత బాగా అంటుకోదట, మా దానిది చాలా మంచిదట. అత్త తల అడ్డంగా ఊపింది. "అది దేవుడిదమ్మా. నేనెవర్ని ఇవ్వడానికి?"

డిసెంబరులో రక్తం చూపించుకోవడానికి వెళ్లాం. అదే బెంచీ. మా పక్కన చీరాల నుంచి వచ్చిన నేతపని ఆయన కూర్చున్నాడు. మెడ నిండా గడ్డలు. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పుతున్నాడు. ఆయన భార్య అత్తతో మాటలు కలిపింది.

"ఏదో పూల పరీక్ష చెయ్యాలంట పిన్నీ. గొర్రె రక్తం లేదంట. ఉన్నది పాతబడిపోయిందంట. రెండు వారాలకి మించి పనికిరాదంట గదా. మందు మొదలుపెట్టేస్తామంటన్నారు."

అత్త ఇంటికి వచ్చేదాకా రైల్లో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి గుంజ దగ్గర పొట్టేలు లేదు, ఇంట్లో అత్త లేదు. సాయంత్రం ఒక్కతే వచ్చింది, తాడు చేతికి చుట్టుకుని.

"అక్కడే ఉంటది. మేత వాళ్లే పెడతారంట. మనం వెళ్లినప్పుడల్లా తుమ్మకాయలు తీసుకుపోవాల" అంది. 

ఆ నేతాయనకి ఏం తేలిందో మాకు తెలియదు. మళ్లీ ఆ బెంచీ మీద కనపడలేదు. పరీక్ష మాత్రం చేశారని వసంత గారు చెప్పింది.

కోత పండుగ వచ్చింది. గుడి ముందు పందిట్లో ధాన్యం కుప్ప, మిరపకాయల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, వరసగా కట్టేసిన గొర్రెలు. జకరయ్య ఒక్కొక్క ఇంటిపేరు పిలుస్తున్నాడు, వాళ్లు లేచి తెచ్చింది చూపిస్తున్నారు. మా పేరు వచ్చింది.

"మార్తమ్మా, కోడలు లేచి తిరగతా ఉంది. మొక్కిన పొట్టేలేదీ?"

అందరూ తల తిప్పి చూశారు. నేను లేవబోయాను, నాలుక చివర మాటలు సిద్ధంగా ఉన్నాయి. అత్త నా భుజం మీద చెయ్యేసి నన్ను కూర్చోబెట్టి, తనే లేచింది.

"డ్యూటీలో ఉంది" అంది.

"ఏం డ్యూటీ?"

"గుంటూరు ఆసుపత్రిలో. రక్తం ఇస్తా ఉంది. మీరు కట్టేసినయ్యి ఒక్కసారే ఇస్తయ్యి జకరయ్యా. నాది రెండు వారాలకోసారి ఇస్తది. ఇంకా ఏమన్నా లెక్క తక్కువైతే చెప్పు."

 పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకుని, "తర్వాతి పేరు పిలువు జకరయ్యా" అన్నారు.

విందులో విస్తళ్లు చాలలేదు. మేం కూర్చున్న బంతిలో అత్త దాకా వచ్చి అయిపోయాయి. ఆమె తన విస్తరి నాకూ తనకూ మధ్యకి జరిపి, అన్నం రెండు వైపులకీ సర్ది, కూర గరిటె పట్టుకొచ్చినవాణ్ని ఆపింది.

"పొట్టేలి మాంసం. నీ ఒంట్లో పొట్టేలి రక్తముందంటన్నారు ఊరంతా. తింటావా మరి?"

"ఆ పుకారు పుట్టించింది నువ్వేగా. వెయ్యమను" అన్నాను.